రెండూ నలభైకి కనిపించే వరస

మొన్న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక జిరాక్సు షాపులో నిలబడ్డాను. చేతిలో నా డిగ్రీ పట్టా. మా వంశంలో పేరు పక్కన అక్షరాలు పడిన మొదటి మనిషిని నేను. రెండు కాపీలు సరిపోతాయి కానీ సంతోషం కొద్దీ పది తియ్యమన్నాను. షాపతను అడక్కుండానే, "ఉద్యోగం చేసుకుంటూ చదివానండీ, మా ఇళ్ళల్లో నేనే మొదలు" అని చెప్పాను. అతను "అలాగా అండీ, మంచిది" అని నవ్వి, ఇంకెవరిదో కాగితం పెట్టి పక్కనున్న ఫ్యాక్సు మెషిను బటన్ నొక్కాడు. ముందు గుయ్యిమని డయల్ టోను, తర్వాత టకటకా అంకెలు, ఆ తర్వాత ఎవరో గొంతు పిసుకుతున్నట్టు సన్నగా, పొడుగ్గా ఆ కీచు శబ్దం. అంత ఎండలో, అంత జనంలో నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఒకప్పుడు ఆ శబ్దానికి మా ఊరు ఊరంతా మధ్యాహ్నం పూట తలుపులేసుకుంది. ఆ శబ్దానికి అవతలి చివర గోపాలం గారు ఉండేవారు. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. అందుకే రాస్తున్నాను.

మాది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. కైకలూరులో బస్సు దిగి, ఆటోలో గట్టు దాకా వచ్చి, అక్కణ్ణుంచి పడవెక్కాలి. మా నాన్న నాగేశ్వరరావు ఒక చేపల కంపెనీకి మా ఊరి గుమాస్తా. మా ఇంటి ముందుగదే ఆఫీసు. అందులో కంపెనీ వాళ్ళ కంప్యూటరు, ఫోను, మోడెం, గరగరమని శబ్దం చేసే ప్రింటరు. రోజూ మధ్యాహ్నం రెండూ నలభైకి నాన్న మోడెంతో విజయవాడ ఆటోనగర్లోని హెడ్డాఫీసుకి ఫోను కలిపి, ఆ రోజు గట్టు దాటిన లారీల వివరం పంపేవాడు. అటునుంచి మర్నాటి చేపల ధరలు వచ్చి మా ప్రింటర్లో వాటంతటవే పడేవి. నాన్న చదువు ఏడో తరగతి. ఫోను కలిసిందో లేదో చూసుకోవడానికి ఆయనకి ఎవరో ఒక్క కిటుకు నేర్పారు. నల్లటి తెర మీద రెండు ఇంగ్లీషు మాటలు కొడితే అంకెల వరసలు పడతాయి. కలవకపోతే ఒక్కటే వరస. కలిస్తే ఆరేడు. "వరసలు పెరిగాయంటే విజయవాడ దొరికినట్టేనే" అనేవాడు. అది కంప్యూటరు రాసుకునే దారుల పట్టిక అని, ఏ చోటికి పోవాల్సిన మాటని ఏ గుమ్మంలోంచి పంపాలో అందులో ఉంటుందని ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

నేను ఇంటర్ పరీక్షలు రాసిన వేసవిలో ఒక మధ్యాహ్నం నాన్న ఆ కంప్యూటరు ముందు కుర్చీలోనే గుండె ఆగి పోయాడు. పంతులు గారు పంచాంగం చూసి ధనిష్ఠ అన్నారు. ఆ నక్షత్రంలో మనిషి పోయిన ఇంటిని ఆరు నెలలు పాడుపెట్టాలి. దీపం వెలగకూడదు, అడుగు పడకూడదు. పడితే ఆ చావు ఒక్కదానితో ఆగదు, ఇంకొకరిని వెంట తీసుకుపోతుందంటారు. ఎక్కడివి అక్కడే వదిలేసి, గుమ్మానికి అడ్డంగా తుమ్మకంప వేసి, అమ్మా నాయనమ్మా నేనూ బాబాయి ఇంటికి మారాం. తమ కంప్యూటరు కోసం కంపెనీ పంపిన మనిషిని మా కులపెద్ద పోలయ్య తాత గట్టు మీద నుంచే తిప్పి పంపేశాడు. వెళ్తూ వెళ్తూ ఆ మనిషి బాబాయితో ఒక మాట అన్నాడు. "మీ ఇంట్లో ఎవరికైనా ఆ మెషిను నడపడం వస్తే, ఆరు నెలలయ్యాక ఈ ఉద్యోగం మీకే. రాకపోతే వేరేవాళ్ళని చూసుకుంటారు."

బాబాయి నా వైపు చూశాడు. "దీనికేం వచ్చండీ! రొయ్యలొలిచే షెడ్డులో మాట్టాడేసొచ్చా. ఎండలు తగ్గాక ఎల్తది" అన్నాడు.

నాకు నిజంగానే రాదు. పక్కన నిలబడి చూడటమే కానీ ఒక్కసారి కూడా చెయ్యి పెట్టలేదు. రావాలంటే ఆ గదిలోకి వెళ్ళాలి. పదహారో రోజున, ఊరంతా భోంచేసి కునుకు తీసే వేళ, పెరటి కిటికీ చువ్వల్లోంచి చెయ్యి దూర్చి తలుపు గడియ తీశాను.

లోపల ఇల్లు నాన్న లేచి బయటికెళ్ళినట్టే ఉంది. మేకుకి ఆయన చొక్కా. గ్లాసులో అడుగంటి ఎండిపోయిన టీ. కళ్ళజోడు మూయకుండా బల్ల మీద, తెర వైపు చూస్తున్నట్టు. ఆ కుర్చీలో కూర్చునే ధైర్యం లేక నిలబడే మెషిను ఆన్ చేశాను. తెర పక్కన నాన్న అతికించుకున్న కాగితంలో ఆయన రాతతో నాలుగు మాటలున్నాయి. ఒకదాని పక్కన 'మెషిను బతికుందా' అని రాసి ఉంది. ఆ మాట కొట్టాను. వెంటనే నాలుగుసార్లు జవాబొచ్చింది. పది మిల్లీసెకన్లు కూడా పట్టలేదు. అంటే జవాబు చెప్తున్నవాళ్ళు ఎక్కడో దూరంగా లేరు, ఈ గదిలోనే ఉన్నారు. నేను వెనక్కి తిరిగి చూసింది కుర్చీ వైపే. పారిపోయి బాబాయి ఇంట్లో కుండలో నీళ్ళు నాలుగు గ్లాసులు తాగాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. రొయ్యల షెడ్డు నుంచి వచ్చే ఆడవాళ్ళ పుళ్ళు పడ్డ వేళ్ళు నేను చూసే ఉన్నాను కాబట్టి వెళ్ళాను.

వారం తిరిగేసరికి మోడెంతో ఫోను కలపడం పట్టుబడింది. అది కీచుమని అరుస్తున్నంత సేపూ దుప్పటి కప్పేదాన్ని. అరుపు ఆగగానే వరసలు లెక్కపెట్టుకుని, విజయవాడ దొరికిందని మురిసిపోయి, ఆపేసి వచ్చేదాన్ని. అవతల ఎవరైనా చూస్తుంటారన్న ఆలోచనే రాలేదు. ఆ రోజు కూడా ఏడు వరసలూ లెక్కపెట్టి ఆపబోతుంటే, నా వెనక ప్రింటరు దానంతటదే గరగరమంటూ కదిలింది. నెల రోజులుగా ఎవరూ ముట్టని కాగితం మెల్లగా పైకి లేచింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. "నాగేశ్వరరావు గారి పేరుతో ఎవరు ఫోను కలుపుతున్నారు? లోపల ఎవరైనా ఉన్నారా?"

 నాకు తెలియకుండానే ఆ కుర్చీలో కూలబడ్డాను. లారీల వివరం రాసే చోట రిమార్కుల గడిలో, తప్పులతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. "నేను ఆయన అమ్మాయిని. తిరుపతమ్మని. దొంగని కాదండి. పని నేర్చుకుంటున్నా."

 తర్వాత ప్రింటరు మళ్ళీ కదిలింది. "అమ్మయ్య. నా పేరు గోపాలం. బతికున్న మనిషినే, భయపడకు. రేపు కూడా ఇదే టైముకి రా."

అలా నాకు ఆయన గొంతు తెలియకముందే పాఠం తెలిసింది. రోజూ ఒక కాగితం. నా మెషిన్లోని వరసల్ని ఒక్కొక్కటీ కాపీ చేసి పంపమనేవారు, మర్నాడు వాటి అర్థం ప్రింటర్లో పడేది. గదిలో నాకు జవాబు చెప్పిందెవరని అడిగాను. "అది నీ మెషినే. తనని తను పిలుచుకుని తనే పలికే వరస అది. ఫోను కలవకపోయినా ఉంటుంది. ఒంటరిగా ఉన్నప్పుడు అందరికీ అదొక్కటే మిగుల్తుంది" అని వచ్చింది. అన్నీ సున్నాలున్న వరస ఏమిటని అడిగితే, "నాకు తెలియని చోట్లకి పోయేవన్నీ ఇటు పంపండి అని దానర్థం. పక్కనున్న అంకెలు ఎవరి చేతికివ్వాలో చెప్తాయి" అన్నారు. నాకు ఎక్కలేదు. మర్నాటి కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. "మీ ఊరి చేప కలకత్తా వెళ్తుంది కదా. పడవవాడికి కలకత్తా తెలుసా? గట్టు తెలుసు. గట్టు మీద కూలీకి లారీ తెలుసు. దారి మొత్తం ఎవరికీ తెలియదమ్మా. పక్క చేతికి సరిగ్గా ఇవ్వడం తెలిస్తే చాలు, సరుకు చేరుతుంది." చచ్చిపోయిన మనిషి గదిలో, ఆయన కళ్ళజోడు పక్కన కూర్చుని అది చదువుతుంటే వెన్నులోంచి చలి పాకింది. చదువుకోవాలన్న కోరిక మొదటిసారి పుట్టింది కూడా అప్పుడే.

శబ్దం మాత్రం దుప్పటికి ఆగలేదు. ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. చెరువు నుంచి వచ్చే వాళ్ళు మా ఇంటి ముందు నుంచి రావడం మానేసి చుట్టూ తిరిగి వెళ్ళసాగారు. "నాగేసు ఏడుత్తన్నాడే. సరిగ్గా ఆడు పోయిన యేళకి గొంతు పట్టేసినట్టు ఏడుత్తన్నాడు" అని పొరుగింటి సీతమ్మత్త అమ్మతో అనడం నా చెవులతో విన్నాను. నేను తలొంచుకుని అన్నం కలుపుకుంటున్నాను. అమ్మ ఆ పూట ముద్ద ముట్టలేదు.

తర్వాత రోజు రెండూ నలభైకి నేను లోపలున్నాను. మోడెం అరుపు అందుకుంది. అప్పుడే ముందు కిటికీ అవతల కంప మీద ఎవరి చీరో చిక్కుకుని చిరిగిన చప్పుడైంది. ఆ వెంటనే అమ్మ గొంతు, నాకు మూరెడు దూరంలో.

"ఏమయ్యా, ఏం కావాలయ్యా నీకు? అంతలా ఏడుత్తన్నావే. పిల్ల గురించా? పిల్ల బానే ఉందయ్యా. నే చూసుకుంటా. పెద్దామెని మాత్రం తీసుకుపోమాక. ఇంటన్నావా?"

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. పలికితే అమ్మ అక్కడే పడిపోతుందేమో. పలక్కపోతే... ఆలోచించే లోపే అటు ఫోను కలిసింది, అరుపు టక్కున ఆగిపోయింది. కిటికీ అవతల అమ్మ ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దంలో మేమిద్దరం ఎంతసేపున్నామో తెలియదు. తర్వాత అమ్మ మెల్లగా, కొత్త పెళ్ళికూతురిలా, "సరే అయితే" అంది. వెళ్ళిపోయింది.

అమ్మ పెద్దామె అన్నది నాయనమ్మని. అప్పటికి రెండు రోజులుగా జ్వరం. మందులిచ్చినా దిగలేదు. ఊరి పెద్దలు కూర్చుని, ఇల్లు పడగొట్టి మెషినుతో సహా నీళ్ళలో కలిపెయ్యాలని తేల్చారు. నాకు చదువు పోతుందన్న దిగులు కన్నా, నాయనమ్మ నావల్లే పోతుందన్న భయం ఎక్కువైంది. రిమార్కుల గడిలో రాశాను. "నాయనమ్మకి జ్వరం. తలుపు తీసింది నేను. రేపటి నుంచి రాను. పెద్దలకి చెప్పేస్తా." ప్రింటర్లో ఒక్క ముక్క పడింది. "రేపటి దాకా ఎవరితోనూ అనకు."

మర్నాడు పొద్దున పదింటికి పడవలోంచి, ప్యాంటు మడత పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, బక్కపల్చటి మనిషి ఒకాయన దిగాడు. ఊరంతా మా కంప ముందు చేరింది. ఆయన నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"నేను కంపెనీ మనిషినండీ. గోపాలం అంటారు. ఆ శబ్దం మెషినుది. మొన్నామధ్య నేనే వచ్చి, పెరటి తలుపు తీసి, దాన్ని నడిచేలా చేసి వెళ్ళాను. విజయవాడలో కూర్చుని రోజూ నడిపిస్తున్నాను. తప్పు నాది."

పోలయ్య తాత ఆయన్ని కింద నుంచి పై దాకా చూశాడు. "పాడుపెట్టిన ఇల్లని తెల్సా అయ్యా తమకి?"

"తెలుసండీ. మా అమ్మ పోయినప్పుడు మేమూ మూడు నెలలు ఇల్లు వదిలాం."

"తెలిసే తీశారా?"

"తెలిసే తీశానండీ. ఏమైనా వస్తే నాకే రావాలి."

ఆ మాటకి ఆడవాళ్ళు చెంపలేసుకున్నారు. అమ్మ ముందుకొచ్చింది. "మెషినైతే నే అడగ్గానే ఎందుకాగింది బాబూ?"

ఆయన అమ్మ ముఖంలోకి చూశారు. రెండు మెషిన్లూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాక ఆ కీచు ఆగిపోతుందని ఆయనకి తెలియదా! అయినా, "తెలియదమ్మా" అన్నారు. తర్వాత అందరూ చూస్తుండగా కంప పక్కకి తీసి లోపలికెళ్ళి, కంప్యూటరూ ప్రింటరూ ఒక్కొక్కటే మోసుకొచ్చి పడవలో పెట్టుకున్నారు.  వెళ్ళే ముందు బాబాయితో, కంపెనీ తరఫున నాగేశ్వరరావు గారి ఉద్యోగం ఆయన కూతురికే ఇప్పిస్తానని, పని తామే నేర్పుతామని చెప్పారు.

మూడో రోజున నాయనమ్మ పోయింది. ఎనభై దాటిన మనిషి, నెమ్ము చేసింది, డాక్టరు కూడా అదే అన్నాడు. మా ఊళ్ళో మాత్రం అప్పట్నుంచీ అది 'విజయవాడ ఆయన తెచ్చిన చావు'. నేను ఆ మాట విన్న ప్రతిసారీ నోరు తెరిచాను, మళ్ళీ మూశాను.

ఆరు నెలలయ్యాక ఉద్యోగంలో చేరి, పని నేర్చుకోవడానికి విజయవాడ వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఆటోనగర్లో ఆయన గది లారీలకి బాడీలు కట్టే షెడ్డు పైన ఉండేది. కింద వెల్డింగు మెరుపులకి గోడ నీలంగా అయ్యేది, సుత్తి దెబ్బలకి బల్ల మీద టీ గ్లాసు జరిగేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రోజు అన్నం క్యారియరు విప్పుతూ చెప్పారు. "నీకు తెలుసా తిరుపతమ్మా, ముందు భయపడింది నేను. రెండూ నలభై అయ్యేసరికి నా మెషిను పట్టికలో ఒక కొత్త వరస పుట్టేది. పక్కన మీ నాన్న పేరు. నాలుగైదు నిమిషాలుండి పోయేది. టైము ఒక రోజు అటూ ఒక రోజు ఇటూ. మెషిను సొంతంగా చేస్తే అలా తేడా రాదు, ఇది మనిషే అనుకున్నా. ఏ మనిషో అర్థం కాలేదు. వారం రోజులు అన్నం సహించలేదు. మేనేజరు గారు ఆ దారి తీసి పారెయ్యమన్నారు."

"మరి ఎందుకు తియ్యలేదు సార్?"

ఆయన పెరుగన్నం కలుపుకున్నారు. "అవతల ఎవరో ఉన్నారు కదమ్మా. పోయినవాడే అనుకో. ఆ దారి కూడా తీసేస్తే ఇంకెక్కడికి ఫోను చేస్తాడు?"

సాయంత్రం పూట నడిచే కాలేజీలో నా పేరు రాయించింది ఆయనే. ఏడేళ్ళు. ఎన్నో సబ్జెక్టులు తప్పి, ఎన్నోసార్లు మళ్ళీ రాసి, ఇదిగో, పట్టా! షాపులోంచి పది కాపీలూ పట్టుకుని నేరుగా ఆయన ఇంటికే పరిగెత్తాను. ఆయన ఆ కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని నా పేరు రెండుసార్లు పైకి చదివారు. మా ఊరు రండి సార్, భోజనం పెడతాం అన్నాను. నవ్వేశారు. "మీ ఊళ్ళో నన్ను చూస్తే పిల్లల్ని లోపలికి లాక్కుంటారమ్మా. నువ్వు బాగున్నావు, చాలు."

నిన్న ఆదివారం మా ఊరికి ఒక్కదాన్నే వెళ్ళాను. మిఠాయి పొట్లంతో ముందు పోలయ్య తాత దగ్గరికి నడిచాను. తాత అరుగు మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. "తాతా, డిగ్రీ పాసయ్యాను. ఇంకో మాట చెప్పాలి. అప్పుడు ఆ తలుపు తీసింది నేను. ఆ సారు కాదు."

తాత మిఠాయి నోట్లో వేసుకుని, పళ్ళు లేని దవడలతో నిదానంగా నమిలాడు. "తెల్సు."

"తెలుసా?"

"ఈ లంకకి పడవెవరిది? నాది కాదా? అంతకుముందు ఆయన్ని నేను ఎక్కించుకోందే, వచ్చి తలుపెట్టా తీత్తాడు?"

"మరి అప్పుడెందుకు ఊరుకున్నావు?"

"మోత్తానని ఒకాయన వచ్చాడు. నీకు పదిహేడేళ్ళు. ఎవరి నెత్తిన పెట్టమంటావు?" ఇంకో మిఠాయి తీసుకున్నాడు. "ఆయనకిప్పుడు పెద్దవయసొచ్చి ఉంటది. తీసుకురా. ఆ బరువు దింపేసుకుందాం."

అక్కణ్ణుంచి ఇంటికెళ్ళాను. ఇది అన్నిటికన్నా కష్టం. అమ్మ పట్టా కాగితాన్ని కొంగుతో తుడిచి దేవుడి గూట్లో పెట్టి వచ్చి కూర్చున్నాక, తల పైకెత్తకుండా చెప్పేశాను. ఆ రోజు కిటికీకి ఇవతల ఉన్నది నేను. నాన్న కాదు.

 పెరట్లో కోడి ఒకటి అరిచి ఊరుకుంది.

"అయితే నే అన్నయ్యన్నీ విన్నది నువ్వా?"

"నేనేనమ్మా."

"పోన్లే. ఎవరో ఒకళ్ళు విన్నారు." కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత నా గడ్డం పట్టుకుని తల పైకెత్తింది. "విన్నదానివి పలకొచ్చు కదే. నే అంతలా అడుగుతుంటే, ఉన్నానని ఒక్కమాట పలకొచ్చు కదా."

 వచ్చే ఆదివారం గోపాలం గారు మా ఊరు వస్తున్నారు. ఒప్పించడానికి రెండు గంటలు పట్టింది. తాత తనే పడవ నడుపుతానంటున్నాడు. నాకు కాళ్ళు నేల మీద ఆగడం లేదు. అయినా ఆఫీసులో ఏ మూల నుంచి ఎవరు ఫోను చేసినా, ఎంత చిన్న పనికైనా, వాళ్ళు అడగబోయేది పూర్తిగా వినకముందే నా నోటి నుంచి ముందు వచ్చే మాట ఒకటే. ఉన్నానండీ, చెప్పండి.